గబ్బిలం నాయకుడు కాకూడదా?

కొన్ని సంవత్సరాల క్రిందట మా మార్కాపురం సీమలో ఒక పాఠశాల వార్షికోత్సవానికి అతిథిగా వెళ్లినాను. పక్షులకు, మృగాలకు జరిగిన యుద్ధకథను పిల్లలు నాటకంగా ఆడినారు. గెలిచేవారి వైపు చేరుతూ, చివరకు ఉభయులచేతా వెలివేయబడే గబ్బిలం వేషానికి ఎవ్వరూ ముందుకు రాలేదట. నోరెత్తక వెనుక వరుసలో కూర్చుండే ఒక పిల్లవానికి ఆ వేషం అంటగట్టినారు. నాటకం ముగిసినది, పేరు మాత్రం ముగియలేదు. ఆ బాలుడు బడి విడిచేవరకు తోటివారికి 'గబ్బిలం'గానే మిగిలినాడని తరువాత విన్నాను. ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం ఆ చప్పట్లకు ప్రాయశ్చిత్తమని పాఠకులు భావింతురు గాక.

జంతుకథలలో నాయకుడెవడు, ప్రతినాయకుడెవడు అనే ప్రశ్న చిన్నది కాదు. సింహం రాజు, హంస వివేకి, నక్క జిత్తులమారి, గబ్బిలం అశుభం: ఈ పట్టికను మనం ఓనమాలతోపాటే పిల్లలచేత దిద్దిస్తున్నాము. పలకలకు పేరుపడిన ఊరివాణ్ణి కనుక చెబుతున్నాను. పలకమీది వ్రాత తుడిస్తే పోతుంది. మనసుమీద దిద్దించినది అంత సులభంగా పోదు.

కెనడా రచయిత కెన్నెత్ ఓపెల్ 1997లో 'సిల్వర్‌వింగ్' అనే నవలతో ఈ పట్టికను తలక్రిందులు చేసినాడు. 1999లో 'సన్‌వింగ్', 2002లో 'ఫైర్‌వింగ్', 2007లో 'డార్క్‌వింగ్' ఆ వరుసలోనే వెలువడినవి. పక్షులకు, మృగాలకు జరిగిన యుద్ధమే వాటికీ పునాది. అయితే అక్కడి గబ్బిలాలు పక్షం మార్చలేదు. అసలు యుద్ధమే చేయమన్నవి. ఆ నేరానికి వాటికి సూర్యదర్శనం నిషిద్ధమైనది. నాయకుడు షేడ్ తన మందలో అందరికంటె చిన్నవాడు. సూర్యోదయం చూడగోరుటే అతని తప్పు. అందుకు గుడ్లగూబలు గబ్బిలాలు నివసించే చెట్టునే దగ్ధం చేస్తవి. ప్రతినాయకుడు గాథ్ కూడా గబ్బిలమే. సాటి గబ్బిలాలను తినే క్రూరుడు. అతడు పావురాలను చంపితే నింద గబ్బిలజాతి అంతటిమీద పడుతుంది. ఒకే జాతిలో నాయకుణ్ణి, ప్రతినాయకుణ్ణి కూడా పుట్టించడంలోనే రచయిత అభిప్రాయం స్పష్టమవుతున్నది. రెక్కలనుబట్టి శీలం నిర్ణయం కాదు.

ఇది మనకు క్రొత్త విషయమా? చిన్నయసూరి 1853నాటి నీతిచంద్రికలో జరద్గవమనే ముసలి గ్రద్ద పక్షికూనలకు కావలి ఉంటుంది. దీర్ఘకర్ణమనే పిల్లి సాధువువలె నటించి, కూనలను తిని, మెల్లగా తప్పుకొంటుంది. తొఱ్ఱలో ఎముకలు చూచిన పక్షులు విచారణ లేకయే గ్రద్దను చంపుతవి. ముక్కూమొగమూ తెలియనివానికి చోటీయరాదని నీతి చెప్పి మనం పాఠం ముగిస్తాము. ఎముకలు చూచి తీర్పు చెప్పిన ఆ పక్షులను గురించి ఒక్క ప్రశ్నయినా అడుగము.

మాకు పొరుగునున్న వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ 1941లో 'గబ్బిలం' కావ్యాన్ని వెలువరించినాడు. కాళిదాసు యక్షునికి మేఘం దొరికినది. గుడిగడప త్రొక్కనీయని జాషువ నాయకునికి ఎవరు దొరుకుతారు? అతడు గబ్బిలంచేత కాశీ విశ్వనాథునికి మొర పంపుకొన్నాడు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి అడ్డు కాలేదు గదా! అశుభమన్న ప్రాణి అక్కడ దూత అయినది. ప్రతినాయకుడు ఏ ప్రాణీ కాదు, అంటరానితనమనే ఆచారం.

కథలలోని నింద శాసనంలోకి కూడ ప్రాకినది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను కాకులతో, ఎలుకలతో కలిపి హానికర జంతువుల పట్టికలో చేర్చినది. 2022 సవరణతో ఆ పట్టికే తొలగినది. వాస్తవం చూస్తే, ఇప్పపూలకు పరాగసంపర్కం చేసే జీవులలో ఈ గబ్బిలాలు ముఖ్యమైనవి. చిన్నజాతి గబ్బిలాలు రాత్రివేళ పురుగులను తిని పైరుకు మేలు చేస్తవి.

చెడ్డవాడు లేని కథ ఉప్పులేని కూర వంటిదని కొందరనవచ్చును. నిజమే. ప్రతినాయకుణ్ణి తీసివేయమని నేననడం లేదు. అతణ్ణి పుట్టుక కాక, చేత నిర్ణయించవలెనంటున్నాను. మిత్రభేదంలో కుట్రపన్నిన దమనకుడు నక్క. అది తప్పని మందలించిన కరటకుడూ నక్కయే.

కనుక ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఒక్కటే. ఇకమీద ఆ నాటకం ఆడించినప్పుడు గబ్బిలం వేషం తరగతిలో మొదటివానికి ఇవ్వండి. తెర దించేముందు గబ్బిలానికి కూడ తన మాట చెప్పుకొనే అవకాశమివ్వండి. ఆనాటి ఆ పిల్లవానికి మేము ఆ అవకాశం ఇవ్వలేదు.