ఊరి పండుతో ఒక కజ్జికాయ

పుట్టినరోజు నాడు మన తరగతుల్లో జరిగే తంతు మీ అందరికీ తెలిసిందే. ఆ రోజు యూనిఫారం బదులు రంగు బట్టలు వేసుకుని వచ్చిన విద్యార్థి, ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, టాఫీల ప్యాకెట్టుతో గది గదికీ తిరుగుతాడు. ఢిల్లీలో పంచినా, కొచ్చిలో పంచినా, గువాహటిలో పంచినా ఆ టాఫీ ఒకటే. రెండు మూడేళ్లకోసారి బడి మారే పిల్లలకు ఇందులో కొంత ఊరట ఉందని మేము ఒప్పుకుంటాం. కొత్త చోట భాష తెలియకపోయినా టాఫీ కాగితం మాత్రం తెలిసినదే.

అయితే మాకు అక్కడే ఒక లోటు కనిపిస్తుంది. మూడేళ్లు ఒక ఊళ్లో ఉండి, ఆ ఊరి పండు ఏ నెలలో చెట్టు మీద రంగు తిరుగుతుందో తెలియకుండానే సామాను సర్దుకుని వెళ్లిపోయే పిల్లలను మేము ఎందరినో చూశాం. "మీది ఏ ఊరు?" అని అడిగితే వాళ్లు నాన్నగారి శాఖ పేరు చెబుతారు. అందుకే మేము అంటున్నది ఇది. ఎక్కడ ఉంటే అక్కడి పండుతో, చేత్తో పట్టుకుని తినగలిగే ఒక చిన్న తీపి వంటకాన్ని ఇంట్లో బేక్ చేయడం మీరందరూ నేర్చుకోవాలి. మీరందరూ అంటే అమ్మాయిలు మాత్రమే కాదు.

ఈ వంటకాన్ని ఇంగ్లీషువారు హ్యాండ్ పై అంటారు. పిండి వత్తి, లోపల పండు ముద్ద పెట్టి, మడిచి, అంచులు నొక్కి ఓవెన్‌లో కాలుస్తారు. పేరు కొత్తే గాని ఆకారం మనకు కొత్త కాదు. ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో అది కజ్జికాయ. బదిలీ మీద కర్ణాటక వెళితే కర్జికాయి, మహారాష్ట్రలో కరంజీ, గోవాలో నెవ్రీ, తమిళనాట సోమాస్, ఉత్తరాదిన హోళీ రోజుల్లో గుజియా. పేరు మారుతూ వచ్చిన ఈ అర్ధచంద్రాకారం మీకంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. మనవాళ్లు కొబ్బరి, బెల్లం, నువ్వులు, కోవా లోపల పెట్టి నూనెలో వేయించారు. మేము చెప్పేది లోపల పండు పెట్టి, వేయించకుండా కాల్చమని మాత్రమే. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో పొలం పనివాళ్ల కోసం చేసే క్లాంగర్ అనే వంటకంలో ఒక కొసన మాంసం, రెండో కొసన జామో పండో పెట్టేవారు. ఒక కొస నుంచి తింటూ పోతే భోజనం ముగిసి మిఠాయి మొదలవుతుంది! పనిచేసే చోటికి పళ్లెం, చెంచా మోసుకుపోలేని మనుషుల వంట అది. మీ టిఫిన్ డబ్బాకు కూడా అదే అవసరం కదా.

చిన్నది, ఎవరికి వారిది కావడం ఇందులో అసలు గుణం అని మా అభిప్రాయం. కేకు కోసేటప్పుడు గమనించండి. క్రీము పువ్వు ఉన్న ముక్క ఎవరికి వెళుతుంది? కత్తి పట్టుకున్నవారి పక్కన నిలబడినవారికి. సెప్టెంబరులో నడిమధ్యన చేరిన కొత్త విద్యార్థి వెనుక వరుసలో నిలబడి ఉంటాడు. అతని వంతు వచ్చేసరికి అట్టకు అంటుకున్న పొడి మిగులుతుంది. ఈ కజ్జికాయలో మొదటిది, చివరిది అని తేడా లేదు. చివర నిలబడినవాడికీ పూర్తి కజ్జికాయే అందుతుంది. నలభై మందికి చేయమని మేము అనడం లేదు, అది ఏ ఇంటి వంటగదికీ సాధ్యం కాదు. మీ వరుసలోని ఎనిమిది మందికి చేయండి, అందులో కొత్తగా వచ్చినవారు ఒకరు ఉండేలా చూడండి.

ఇక పండ్ల సంగతి. సిమ్లా కొండల్లో ఉన్నవారికి ఆపిల్ ఉండనే ఉంది. అక్కడి కోట్‌గఢ్ ప్రాంతంలో తీపి అమెరికన్ ఆపిల్ రకాలను 1916 ప్రాంతంలో నాటినవాడు శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్. ఫిలడెల్ఫియాలో పుట్టి, 1904లో మన దేశానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లాడు. తరువాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. ఈ కథ ఆ కొండల్లో చదువుకునే పిల్లలకు పాఠంలో రాకపోయినా తోటలో దొరుకుతుంది. కాల్చడానికి ఆపిల్‌ను మించినది లేదు. ఉడికినా పూర్తిగా నీరు కాదు, పులుపు తీపి రెండూ నిలుస్తాయి.

ప్రయాగ్‌రాజ్‌లో ఉన్నవారు చలికాలంలో సుర్ఖా జామకాయ కోసం ఎదురు చూడండి. పై తొక్క ఆపిల్‌లాగా ఎర్రగా ఉంటుంది. గింజలు తీయడానికి ఉడికిన గుజ్జును జల్లెడలో వేసి రుద్దాలి, కాస్త విసుగు పని. కాని జామలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి గుజ్జు దానంతట అదే గట్టిపడుతుంది. త్రిపురలో క్వీన్ రకం అనాసకు 2015లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. దాని వాసన సంతలో నాలుగు దుకాణాల అవతలి నుంచే తెలుస్తుంది. అయితే అనాసలో నీరు చాలా ఎక్కువ. బాణలిలో గరిటె గీసిన దారి కలిసిపోకుండా నిలిచేదాకా దగ్గరపెట్టాలి. లేకపోతే పిండి నాని అడుగు చిరుగుతుంది.

అన్ని పండ్లూ ఓవెన్‌కు పనికిరావని కూడా చెప్పాలి. ముజఫర్‌పూర్ షాహీ లిచీకి 2018లో భౌగోళిక సూచిక దక్కింది. ఆ లిచీని కాల్చడం దానికి అపకారం చేయడమే. ఒలుచుకుని తినండి. అది వచ్చేది మే, జూన్ నెలల్లో, అంటే మీరు సెలవులకు తాతగారింటికి వెళ్లే రోజుల్లో. ఒక్క ఏడాదైనా ప్రయాణం వారం రోజులు వెనక్కి జరపమని నాన్నగారిని అడగండి. నాగపూర్ నారింజ కూడా వేడి తగిలితే చేదెక్కుతుంది. మన బంగినపల్లి సంగతీ అంతే. పండిన మామిడిని కాలిస్తే సగం పరిమళం ఆవిరైపోతుంది. పచ్చి మామిడికాయ ముక్కలు బెల్లంతో ఉడికించి పెట్టి చూడండి. మామిడిలో కాల్చదగినది పండు కాదు, కాయే అని మీకే తెలుస్తుంది. పండును ఎండకు వదిలేయాలి. ఆత్రేయపురం తాండ్ర పొర మీద పొర ఎండలోనే తయారవుతుంది.

లద్దాఖ్ పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మీ చుట్టూ ఉన్న ఆప్రికాట్ చెట్లు హైదరాబాదు పిల్లలకు తెలియవు. కాని వాళ్లు పెళ్లి విందులో తినే ఖుబానీ కా మీఠా ఎండబెట్టిన ఆప్రికాట్‌తో చేసేదే. ఒకరికి చెట్టు తెలుసు, ఇంకొకరికి తీపి తెలుసు. ఇద్దరూ ఒకే తరగతిలో కలిసే అవకాశం మనలాంటి బడుల్లో తప్ప మరెక్కడ ఉంటుంది? ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి లోపల పెట్టండి, చక్కెర చాలా తక్కువ పడుతుంది.

చేసే పద్ధతి కష్టమైనది కాదు. 200 గ్రాముల పిండి, 100 గ్రాముల చల్లని వెన్న, చిటికెడు ఉప్పు తీసుకోండి. వెన్నను పిండిలో వేళ్ల కొసలతో నలిపి రవ్వలా చేయాలి. మూడు నాలుగు చెంచాల చల్లని నీళ్లతో ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు. మర్దిస్తే సాగుతుంది, గుల్లగా రాదు. వెన్న చల్లగా ఉండాలని ఎందుకంటామంటే, పిండి పొరల మధ్య మిగిలిన వెన్న ముక్కలు ఓవెన్‌లో కరిగి, అందులోని నీరు ఆవిరై పొరలను లేపుతుంది. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి పొరలు రావు గాని, కజ్జికాయలాగే గుల్లదనం వస్తుంది. విజయవాడ మే నెలలో వెన్న చేతిలోనే కరిగిపోతుంది, అక్కడివారు తెల్లవారుజామున కలుపుకోవాలి.

లోపలికి రెండు ఆపిళ్లు, మూడు చెంచాల చక్కెర, అర చెక్క నిమ్మరసం, కాస్త దాల్చినచెక్క పొడి సరిపోతాయి. ముద్ద పూర్తిగా చల్లారాకే నింపాలి. అరచేతి వెడల్పు పూరీలు వత్తి, మధ్యలో చెంచాన్నర పెట్టి, అంచుకు తడి చేసి మడిచి, ఫోర్కుతో నొక్కండి. ఇంట్లో కజ్జికాయల అచ్చు ఉంటే మరీ మంచిది. పైన చాకుతో చిన్న గాటు పెట్టడం మరచిపోవద్దు. ఆవిరికి దారి లేకపోతే అది తనే దారి చేసుకుంటుంది. 190 డిగ్రీల దగ్గర సుమారు అరగంట కాల్చితే ఎనిమిది వస్తాయి.

క్వార్టర్లలో అందరికీ ఓవెన్ ఉండదని మాకు తెలుసు. మందపాటి పాత గిన్నెలో అంగుళం మేర ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేసి, ఆ మీద పళ్లెంలో కజ్జికాయలు పెట్టండి. సమయం కొంచెం ఎక్కువ పడుతుంది, పైభాగం రంగు తిరగదు కనుక సగంలో తిరగవేయాలి. కుక్కర్ వాడితే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, పెద్దవారు పక్కన ఉండాలి. ఇది హెచ్చరికగానే చెబుతున్నాం.

కేకు కంటే ఇది మనకు తగినదని అనడానికి విజ్ఞానశాస్త్రం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. గాలి ఒత్తిడి తక్కువ కావడంతో కేకులోని వాయువు అతిగా వ్యాకోచించి, కేకు పొంగి మధ్యలో కుంగిపోతుంది. చెన్నైలో కుదిరిన కొలత అక్కడ కుదరదు. కజ్జికాయలో పొంగవలసినది ఏమీ లేదు గనుక సముద్ర తీరం నుంచి కొండ దాకా దాదాపు ఒకే కొలత పనిచేస్తుంది. పొడి మిఠాయి కనుక రైలులోనూ ఒక రోజు బాగుంటుంది. రెండో రోజుకు మాత్రం తాండ్ర తీసుకెళ్లండి.

మైదా, వెన్న ఆరోగ్యానికి మంచివా అని అమ్మలు అడుగుతారు. పండు ఉంది కదా అని ఇది పథ్యం అయిపోదు. ఇది మిఠాయి, నెలకొకసారి చాలు. సగం గోధుమపిండి కలిపినా బాగానే వస్తుంది. చదువు పాడవుతుందనే మాట మాత్రం మేము ఒప్పుకోం. 2020 జాతీయ విద్యా విధానమే 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర నేర్చుకోమంది. ఆ పది రోజుల్లో ఒక రోజు ఊరి పండ్ల తోటకో, బేకరీకో కేటాయించమని మా సహోపాధ్యాయులను కోరుతున్నాం. ఇక "మగపిల్లలకు వంటెందుకు" అనేవారిని ఒక్క ప్రశ్న అడగండి. రేపు వాళ్లే బదిలీ మీద ఒంటరిగా వెళ్లి ఒక గదిలో ఉన్నప్పుడు ఎవరు వండి పెడతారు?

ఈ వేసవిలో బదిలీ ఉత్తర్వులు అందిన ఇళ్లకు చివరగా ఒక సూచన. ఓవెన్ అందరికంటే ముందు లారీ ఎక్కేస్తుంది. మందపాటి గిన్నె, స్టాండు, ఆ ఉప్పు మాత్రం ఆఖరి రోజు దాకా విడిగా ఉంచండి. ఇన్నాళ్లు పక్క బల్ల మీద కూర్చున్నవారికి ఆ ఊరి పండుతో చేసినది ఒకటి ఇచ్చి వెళ్లవచ్చు. కాల్చడానికి వాడిన ఉప్పు మళ్లీ మళ్లీ పనికి వస్తుంది. చల్లారాక ఒక డబ్బాలో పోసి, పైన "వంటకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. లేకపోతే కొత్త ఊళ్లో మొదటి రోజు పప్పులోకి అదే వెళుతుంది.