అశ్లీల శాసనము - వయోజన పాఠకుడు

1860వ సంవత్సరమున పుట్టిన భారత శిక్షాస్మృతి 2024 జూలై 1వ తేదీన అంతరించి, దాని స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. పరప్రభుత్వము విడిచిపోయిన సంకెలలను త్రెంచుటకే ఈ మార్పని పాలకులు వక్కాణించిరి. సంతోషమే. కాని అశ్లీల వస్తువుల విక్రయమును నిషేధించు పాత 292వ సెక్షను ఏమైనదని వెదకువారికి, అది 294వ సంఖ్యను ధరించి, ఇంచుమించుగా పూర్వపు మాటలతోనే కానవచ్చుచున్నది. ఎలక్ట్రానిక్ రూపమను మాటను చేర్చిరి. మొదటి నేరమునకు రెండేండ్ల చెఱను ఉన్నంతలో ఉంచి, రెండువేల జరిమానాను ఐదువేలు చేసిరి. సంకెల అదియే, మెఱుగు మాత్రము క్రొత్తది.

అశ్లీలమను మాట వలన ఆంధ్ర సారస్వతము పడిన పాటు మన పాఠకులు ఎఱుగనిది కాదు. తంజావూరు ప్రతాపసింహుని కొలువునందలి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా వావిళ్లవారు ప్రకటించిరి. మరుసటి యేడే ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము తొలగుటకు 1947 వఱకు, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము వఱకు, ఆగవలసి వచ్చెను. పురుషులు వ్రాసిన శృంగార కావ్యములు నిరాటంకముగా చెల్లుచుండగా ఒక స్త్రీ వ్రాసినది మాత్రమే నీతికి చేటు తెచ్చునా యన్న నాగరత్నమ్మగారి ప్రశ్నకు ఆనాడు సమాధానము రాలేదు. వీరేశలింగం పంతులుగారంతటివారు ఆ కావ్యమును ఈసడించిన మాట నిజము. విమర్శకునకు ఆ స్వాతంత్ర్యము కలదు. అయితే విమర్శకుని ఈసడింపు వేఱు, పోలీసువాని జప్తు వేఱు.

ఈ శాసనమునకు చిరకాలము ప్రాణమైనది 1868లో ఒక ఆంగ్ల న్యాయస్థానము చెప్పిన సూత్రము. చెడుటకు సిద్ధముగా నున్న మనస్సు చేతిలో పుస్తకము పడినచో ఏమగునో చూచి తీర్పు చెప్పవలెనట! అనగా ఊరిలోని దుర్బలచిత్తుడే ఊరికంతకును కొలమానము. ఇంగ్లండు 1959లో తన చట్టమును సవరించుకొన్నది. లారెన్సు వ్రాసిన లేడీ ఛాటర్లీస్ లవర్ నవలను ప్రకటించినవారు 1960లో అచట నిర్దోషులైరి. ఆ నవలనే 1959లో బొంబాయిలో పోలీసులు పంపిన బూటకపు బేరగానికి అమ్మినందులకు పుస్తకశాల భాగస్వాములు దోషులైరి. 1964లో సుప్రీముకోర్టు ఆ శిక్షను పాత సూత్రము ననుసరించియే స్థిరపఱచెను. సీమవారు పారవేసిన తూనికరాళ్లతో మనము తూచుకొంటిమి. 2014లో గాని సుప్రీముకోర్టు ఆ సూత్రమును విడిచి, సమకాలిక సమాజపు ప్రమాణమును గ్రహింపలేదు. అదియు 1993లో పత్రికలకెక్కిన ఒక ఛాయాచిత్రమును గూర్చిన వ్యాజ్యము; తేలుటకు ఇరువది యొక్క యేండ్లు!

1964 నాటి తీర్పులో జరిమానా యిరువది రూపాయలే. కాని అమ్మినవానికి పుస్తకములోని విషయము తెలియునని ప్రభుత్వము రుజువు చేయనక్కఱలేదని అందు తేల్చుట మిక్కిలి కష్టమైన సంగతి. అంగడిలో వేయి పుస్తకములు పేర్చుకొన్న వర్తకుడు ప్రతి పుటను చదివిన పిదపనే బేరమాడవలెనా? ఏ ప్లీడరును అడిగి కొట్టు తెఱవవలెను? అట్టివాడు తెలివిగలవాడైనచో అనుమానము గల ప్రతి పుస్తకమును వెనుకకు త్రోయును. అందు నూఱింటిలో ఎన్ని ముద్దుపళనులు పోవునో ఎవరు లెక్కింతురు?

బాలుర మాట తెత్తురేమో. వారికి అమ్మినవానిని శిక్షించుటకు న్యాయసంహితలోనే 295వ సెక్షను వేఱుగా నున్నది. మూడేండ్ల చెఱ విధించుచున్నది. అది యుండవలసినదే. పిల్లలను చెఱచి తీసిన చిత్రములను 2012 నాటి పోక్సో చట్టము శిక్షించుచున్నది. అందు సడలింపును మేము కలనైన కోరము. బలిమిని గాని మోసమున గాని తీసిన బొమ్మల విషయమును అట్టిదే. ఇవి పోగా 294వ సెక్షను బరువు పడునది ఎదిగిన మనుష్యుడు ఎదిగిన మనుష్యునకు అమ్ముకొను వస్తువుపైననే. కొనువాడు తనకై యింట దాచుకొన్నచో ఈ సెక్షను క్రింద నేరము లేదు. అమ్మిన చేయి మాత్రము చెఱకు పోవలెను. ఇట్టి వర్తకము ఇందువలన నశించినదా? బల్ల క్రిందకు పోయినది. అచట వయస్సు నడుగువాడు లేడు. బొమ్మలోని స్త్రీ సమ్మతించెనా యని విచారించువాడు అంతకన్నను లేడు.

ఆ సరకుపై మాకు మక్కువ లేదు. అందు పెక్కు భాగము రోతయే. అయినను దేవాలయ శిల్పములను, సారస్వతమును తాకరాదని మినహాయింపు వ్రాసికొన్న శాసనము, తన గీత ఎంత సన్ననిదో తానే యొప్పుకొన్నది. లైసెన్సు గల అంగడి, మూసిన పొట్లము, వయస్సునకు రుజువు, చిత్రితుల సమ్మతిపత్రము - ఈ నిబంధనలతో పదునెనిమిదేండ్లు నిండినవారికి అమ్మనిచ్చుట మేలు. తెలిసి అమ్మెనని రుజువు చేయు భారము ప్రభుత్వముపై నుండవలెను. 294వ సెక్షనును ఈ రీతిగా సవరింపుమని పార్లమెంటులోని తెలుగు సభ్యులు పక్షభేదము లేక కోరవలెను.