మేషా మాటా వినాలి

మోయాబు రాజు మేషాకు బైబిల్లో దక్కింది ఒక్క అధ్యాయమే. రాజులు రెండవ గ్రంథం మూడో అధ్యాయంలో ఆయన లక్ష గొర్రెపిల్లలు, లక్ష పొట్టేళ్ల బొచ్చు ఇశ్రాయేలుకు కప్పం కట్టే మందల రాజు. ఇశ్రాయేలు రాజు అహాబు చనిపోగానే ఎదురు తిరిగాడు. ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు కలిసికట్టుగా దండెత్తారు. కీర్‌హరెశెతు కోట చేజారే గడియలో, పట్టానికి రావాల్సిన పెద్దకొడుకును ప్రాకారం మీద బలి ఇచ్చాడు. ప్రసంగాల్లో మేషా పేరు వస్తే ఆ బలి దగ్గరే ఆగిపోతారు.

మిగతా కథ ఆయనే రాతి మీద చెక్కించాడు.

1868లో, నేటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో, క్లైన్ అనే మిషనరీకి నల్లరాతి శాసనం చూపించారు. ఒట్టోమన్ అధికారులతో తగాదాలో బెదూయిన్లు మరుసటి ఏడాది దాన్ని పగలగొట్టేశారు. అంతకుముందే ఫ్రెంచి పండితుడు క్లెర్మాన్ గానో కాగితం మీద అచ్చు తీయించి ఉంచబట్టి ముక్కలు అతికించి చదవగలిగారు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మొత్తం 34 పంక్తులు. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ తన దేశాన్ని ఏళ్ల తరబడి అణచగలిగాడంటే, తమ దేవుడు కెమోషు సొంత నేల మీదే కోపగించాడని మేషా అంటాడు. యెరూషలేము ఎందుకు కూలిందో హెబ్రీ ప్రవక్తలు చెప్పే కారణమూ అలాంటిదే. కొట్టుకున్న ఇద్దరూ దేవుణ్ణి, ఓటమిని ఒకేలా అర్థం చేసుకున్నారు. దావీదు ముత్తవ్వ రూతు మోయాబు ఆడపడుచు మరి, ఎంతైనా పొరుగువారే.

యుద్ధం పక్కనే ఇంటి సంగతులూ ఉన్నాయి. ఊళ్లో నీటి తొట్లు లేవని ఎవరింట్లో వాళ్లను తవ్వుకోమన్నాడు. అర్నోను దగ్గర బాట వేయించాడు. ఆ పనుల్లో కొన్నిటికి ఇశ్రాయేలు బందీలను వాడుకున్నాడు.

మేషాను మంచివాడిగా నిలబెట్టాల్సిన పని లేదు. నెబో పట్టణంలో ఆడవాళ్లతో సహా 7,000 మందిని చంపించానని గొప్పగా రాయించుకున్నవాడు. ఇశ్రాయేలు శాశ్వతంగా నాశనమైందనీ అన్నాడు. నిజానికి ఆ రాజ్యం ఆ తర్వాత వందేళ్లకు పైగా నిలిచింది. కొడుకు బలి ఊసు శాసనంలో కనిపించదు, నెబో ఊచకోత ఊసు రాజుల గ్రంథంలో కనిపించదు.

ఒమ్రీ పేరు, యెహోవా పేరు ఉన్నాయి కాబట్టి ఈ రాయి బైబిలుకు సాక్ష్యమంటారు కొందరు. ఆ పేర్లున్న మాట నిజమే. అంతవరకే వాడుకుని వదిలేయడం మాత్రం అన్యాయం. మేషా ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పడానికి రాయించలేదు, తన ప్రజల కోసం రాయించాడు. బైబిలు తరగతిలో ఆ అధ్యాయం చెప్పే రోజున ఈ 34 పంక్తులూ పక్కన పెట్టి చదివించాలి, నెబోతో సహా, నీటి తొట్లతో సహా.