వద్దనగలిగే వాళ్లకే చెప్పాలి

పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని ముక్కూమొహం తెలియని దేశానికి పంపి, ఇంటింటికీ తిరిగి దేవుడి గురించి చెప్పిరమ్మనడం మంచి పనేనా? మా ఇంట్లో భోజనాల దగ్గర చాన్నాళ్లుగా ఇదే వాదన. మతం మార్చడానికి తిరగడమే కదా, దానికి వేరే పేరెందుకంటాడు మా అబ్బాయి. ఆ వయసులో అంత కష్టం ఓర్చుకునే పిల్లలు మనలో ఎందరున్నారంటుంది కోడలు. నేను పశ్చిమ గోదావరిలో జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో సోషల్ చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన దాన్ని. నా కంటికి ఆ కుర్రాడు ముందు ఒక టీచరుగానే కనిపిస్తాడు. వాడు ఎవరికి చెబుతున్నాడు, ఎలా చెబుతున్నాడు, వినేవాళ్లకు లేచి వెళ్లిపోయే వీలుందా లేదా అన్నవే నేను చూస్తాను.

మా అబ్బాయి కాపురం అమెరికాలో యూటా రాష్ట్రం, లీహై అనే ఊళ్లో. సాల్ట్ లేక్ సిటీకి దక్షిణంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక తెలుగువాళ్లూ బాగానే చేరారు గానీ, ఆ ఊరి పేరు మోర్మన్ గ్రంథంలోని ఒక ప్రవక్తది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మతసంఘం, ఊరూరా తరిమివేతలకు గురై, చివరికి 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరి స్థిరపడింది. మోర్మన్లని లోకం అంటుంది. తమ సంఘం పూర్తి పేరుతోనే పిలవమని వాళ్లు కోరతారు. అది ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం’.

అక్కడ మా పక్కింటివాళ్లు ఆ సంఘంవాళ్లే. వాళ్ల పెద్దబ్బాయి స్కూలు చదువు ముగించగానే మిషన్‌కు, అంటే ఈ మతప్రచార సేవకు, దరఖాస్తు పెట్టాడు. ఏ దేశం వెళ్లాలో వాళ్ల చేతిలో ఉండదు, పిలుపులో ఏముంటే అక్కడికే. వీడికి ఫిలిప్పీన్స్ వచ్చింది. మగపిల్లలకు రెండేళ్లు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. జీతం లేదు సరికదా, ఇంటివాళ్లే ఎదురు కట్టాలి. అమెరికా కుటుంబాలకు 2020లో ఆ మొత్తాన్ని నెలకు 400 నుంచి 500 డాలర్లకు పెంచారు. ప్రోవోలోని శిక్షణ కేంద్రంలో కొద్ది వారాలు సెబువానో భాష నేర్పి విమానం ఎక్కించారు. ఇలాంటివాళ్లు ప్రపంచమంతటా ఇప్పుడు 70 వేలకు పైగా ఉన్నారు.

వాళ్లకు వారంలో సోమవారమే కాస్త ఊపిరి. బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఉత్తరం రాయడం అన్నీ ఆ రోజే. 2019కి ముందైతే తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడేది క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ మాత్రమేనట. ఇప్పుడు వారంవారం వీడియోలో కనిపిస్తారు. రెండేళ్లపాటు బిడ్డ గొంతు ఏడాదికి రెండుసార్లే విన్న తల్లులు ఆ వీధిలోనే ఉన్నారు. ఆ నియమాన్ని ఎత్తేసినవాళ్లకు నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. వీడు రాసే ఉత్తరం వాళ్లమ్మ నాకూ పంపుతుంది. మా మనవడి నోట విని నన్ను వాడూ ‘నానమ్మా’ అనే పిలుస్తాడు. చివర్లో నా పేరున ఒక వాక్యం ఉంటుంది.

ఆ ఉత్తరాల్లో వారం ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున ఆరున్నరకు లేవాలి. కసరత్తు, స్నానం, చదువు, మళ్లీ భాష చదువు. తర్వాత తెల్లచొక్కా, ఛాతీ మీద నల్లటి పేరుబిళ్లతో ఇద్దరూ కలిసి బయల్దేరాలి. ఒంటరిగా వెళ్లకూడదు, జోడీలో ఒకరు రెండోవారి కంటిచూపు దాటకూడదు. వీడి జోడీ లూజాన్ ద్వీపం నుంచి వచ్చిన ఫిలిప్పీన్స్ కుర్రాడే, కానీ అతని ఇంటి భాష ఇలోకానో. కాబట్టి సొంత దేశంలో ఉంటూ అతనూ సెబువానో నేర్చుకోవాల్సిందే. వీళ్లుండే సెబు ద్వీపంలో ఇంటిముందు తలుపు తట్టరట, కంచె బయట నిలబడి ‘అయో’ అని కేకేస్తారు. జవాబు వచ్చేదాకా ఎండలోనో వానలోనో ఆగాలి. చాలాచోట్ల మొహం మీద పొమ్మనరు. ‘ఇంకోసారి రండి’ అంటారు. ఆ ఇంకోసారి ఎప్పటికీ రాదని తెలుసుకోవడానికి వీడికి కొన్ని నెలలు పట్టింది. మంగళవారం పదిళ్లు తిరిగితే ఒక ఇంట్లో కూర్చోబెడతారు. గురువారం సాయంత్రం కరెంటు పోతే ఫోన్ లైటు వెలుగులో పాఠం చెబుతారు. ఆదివారం ప్రార్థనలో రొట్టె ముక్క, నీళ్లు పంచుతారు. ఆరు వారాలకోసారి ఎవరెక్కడికి బదిలీ అవుతారో తెలియదు.

ఉచ్చారణ తప్పితే పిల్లలు నవ్వి సరిదిద్దుతారని రాస్తాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆనందం. మా బడుల్లో పిల్లవాడు టీచరుకు తప్పు చూపించడం ఎన్నడైనా సాగిందా? మా చేతిలో హాజరుపట్టీ ఉండేది, గంట ఉండేది, పరీక్ష ఉండేది. పాఠం విసుగ్గా ఉన్నా పిల్లలు కదలడానికి వీల్లేదు. ఈ కుర్రాడి చేతిలో అవేవీ లేవు. ఎదుటివాళ్ల భాషలో, వాళ్ల గుమ్మంలో, వాళ్లు ఇచ్చిన స్టూలు మీద కూర్చుని చెప్పాలి. నచ్చకపోతే వాళ్లు లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోతారు. ఇంత నిజాయితీ గల తరగతి గది నా ఉద్యోగంలో నాకు దొరకలేదు.

ఒక ఉత్తరం గురించి చెప్పి తీరాలి. వీధి చివర ఒకావిడకు చిన్న కిరాణా కొట్టు. ముందు ఇనుప జాలీ, లోపల షాంపూ పొట్లాలు, కాఫీ పొట్లాలు, విడిగా అమ్మే సిగరెట్లు. భర్త సరుకుల ఓడలో వంటవాడు. పరాయి ఆడమనిషితో ఒంటరిగా కూర్చోవడానికి ఈ కుర్రాళ్లకు అనుమతి లేదు కనక, అత్తగారు పక్కన ఉండగా కొట్టు ముందు బల్ల మీదే పాఠాలు. ఆవిడ శ్రద్ధగా విన్నది. ఆదివారం ప్రార్థనకూ వచ్చింది. ఈ సంఘంలో చేరితే కాఫీ, టీ, మద్యం, పొగాకు మానాలనీ, రాబడిలో పదోవంతు ఇవ్వాలనీ వీళ్లు ముందే చెప్పారు. కొట్టు మీద వచ్చేదెంత, అందులో పదోవంతెంత అని అత్తగారు వేళ్ల మీద లెక్కేసిందట. అయినా ఆవిడ బాప్తిస్మానికి సిద్ధపడింది. మీ ఆయనకు తెలుసా అని వీడు అడిగాడు. వచ్చాక చెబుతానంది.

అక్కడ ఆగిపోయింది. పెళ్లయినవాళ్లకు జీవిత భాగస్వామి ఒప్పుకోలు లేకుండా బాప్తిస్మం ఇవ్వకూడదని ఈ సంఘం నియమం. మైనర్లకైతే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఓడ రేవుకు వస్తేగానీ ఆ భర్తకు ఫోన్ కలవదు. ఆ నెలలో వీళ్లు అనుకున్న బాప్తిస్మం అదొక్కటే. ‘ఎలాగూ ఒప్పుకుంటాడులే అనాలని నోటిదాకా వచ్చింది నానమ్మా, అనలేదు’ అని రాశాడు. కొన్ని వారాలకు భర్త ఫోన్ చేసి, నేనొచ్చాక చూద్దాం అన్నాడు. ఆయన వచ్చేనాటికి వీడు మరో ద్వీపంలో ఉంటాడు.

పెద్దదైన ఆడది తన దేవుణ్ని ఎంచుకోవడానికి మొగుడి అనుమతేమిటని మా కోడలు మండిపడింది. న్యాయమైన కోపమే. ఆ నియమం భార్య విషయంలో భర్తకూ అంతే వర్తిస్తుంది కాబట్టే నేను ఒప్పుకుంటున్నాను. మా వైపు ఊళ్లలో కువైట్‌కు, మస్కట్‌కు పనికి వెళ్లిన ఆడవాళ్లు, ఇంటి దగ్గర పిల్లల్ని సాకే మగవాళ్లు ఎందరో. ఒకరు దేశంలో లేనప్పుడు ఇంట్లో తీసుకున్న పెద్ద నిర్ణయాలు కాపురాలను ఎలా చీలుస్తాయో పిల్లల ముఖాల్లో చూసినదాన్ని.

ఈ నియమాలకు విలువ ఎంతో ఆ సంఘం చరిత్రే చెబుతుంది. 1960ల తొలినాళ్లలో బ్రిటన్‌లో వీళ్ల మిషనరీలు బేస్‌బాల్ జట్లు కట్టి మగపిల్లల్ని చేరదీసి, జట్టులో చేరడమూ బాప్తిస్మమూ ఒకటే అన్నట్టు నీళ్లలో ముంచి పేర్లు రాసుకున్నారు. చాలామంది పిల్లలకు తామేం చేశామో కూడా తెలియదు. తర్వాత ఆ పేర్లలో ఎన్నింటినో పట్టీలోంచి తీసేయాల్సి వచ్చింది. దానికి మూలం లెక్కల మోజు. పైనుంచి అంకెలు అడిగితే కిందవాడు అంకెలే తెస్తాడు. పదో తరగతి ఫలితాల కోసం మా మీద ఎలాంటి ఒత్తిడి ఉండేదో గుర్తున్నవాళ్లకు ఇది వేరే వివరించనక్కర్లేదు.

నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే. 2024లో ఈ సంఘంలోకి కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లు 3 లక్షలకు పైగా. మిషనరీల సంఖ్యతో భాగిస్తే ఏడాదికి తలా నలుగురు. అంటే ఎన్నో వారాలు ఆ కుర్రాళ్ల ఖాతాలో సున్నాయే. ఆ సున్నాను తన భక్తి లోపంగా భావించి కుమిలిపోయే పిల్లలున్నారు. ఆరోగ్యం చెడో, మనసు చెదిరో మధ్యలో తిరిగొచ్చిన పిల్లవాణ్ని ఆ వీధుల్లో కొందరు చూసే చూపు నాకు నచ్చదు. పిల్లల్ని అంత దూరం పంపే పెద్దలకు, తిరిగొచ్చినప్పుడు ఎందుకొచ్చావని అడగకుండా అన్నం పెట్టే మనసుండాలి. ఇంకొకటి. వీడు ఏ ప్రశ్నకైనా జవాబు ముందే తెలిసినవాడిలా రాస్తాడు. పద్దెనిమిదేళ్లకే అంత నిశ్చయం ఉన్న టీచరు నా స్కూల్లో చేరితే, పిల్లలడిగే ప్రశ్నలను కాస్త ఇంటికి తీసుకెళ్లి ఆలోచించమనేదాన్ని.

వద్దన్నచోట ఈ సంఘం వెనక్కి తగ్గడం కూడా చూశాను. జెరూసలేంలో వాళ్ల విశ్వవిద్యాలయ కేంద్రం కట్టినప్పుడు అక్కడ మతప్రచారం చేయబోమని మాటిచ్చారు. రష్యా 2016లో ప్రచారాన్ని కట్టడి చేసే చట్టం తెస్తే తమవాళ్లను వాలంటీర్లుగా మార్చి ఇళ్లకు తిరగడం మానేశారు. మనకూ వాళ్లు కొత్త కాదు. 1970ల చివర్లో సమోవాలో ఆ విశ్వాసం స్వీకరించిన ఒక తెలుగు కుటుంబం హైదరాబాద్ వచ్చి బంధువులకు బోధించింది. కొన్ని స్థానిక సంఘాలను కలిపి వాళ్లు ‘స్టేక్’ అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. దానర్థం ఎదుటివాణ్ని మార్చే హక్కు కాదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండింటి మధ్య జాగా గురించే మన ఊళ్లలో గొడవలన్నీ. నా తీర్పు ఇది. విన్నవాడు వద్దని లేచిపోగలిగితే అది బోధ. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడు, అప్పులో ఉన్నవాడు, హాస్టల్లో తల్లిదండ్రులకు దూరంగా ఉన్న పిల్లవాడు లేచిపోలేరు. అక్కడ చెప్పేది ఏ మతమైనా, ఎంత మంచి మాటైనా, తప్పే. మా అబ్బాయి అన్నట్టు పక్కింటి కుర్రాడు మతం మార్చడానికే తిరుగుతున్నాడు, నిజమే. కానీ కొట్టు ముందు ఆగిపోయాడు గనక వాణ్ని నేను తప్పుపట్టను.

మన దగ్గర బోధలు చేసే సంస్థలకు, హిందువులవైనా క్రైస్తవులవైనా ముస్లింలవైనా, ఒక టీచరుగా నా విన్నపం. మైనర్లతో మాట్లాడేటప్పుడు తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టండి. సాయం చేస్తే సాయంతోనే ఆపి, దేవుడి మాట మరోరోజు, వాళ్లు పిలిస్తేనే చెప్పండి. ఇంట్లో ఒకరు ఊళ్లో లేకపోతే వాళ్లొచ్చేదాకా ఆగండి. మీ కార్యకర్తల్ని ఈ నెల ఎంతమందిని తెచ్చావని అడగడం మానండి.