వేలంలో పలికిన ధర

ఇషా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగే తణుకు కుర్రాళ్ల మాటల్లో ఐపీఎల్ ధరలు తరచుగా దొర్లుతుంటాయి. “మనవాణ్ణి ఇచ్చేసి వాళ్ల బౌలర్‌ను తెచ్చుకుంటే సరి!” అని ఒకడు తేల్చేస్తాడు. సంతలో ఎడ్ల బేరమైనా అంత సులువుగా తెగదు.

ధరే ప్రతిభకు కొలమానమన్నది అందరిలోనూ ఉన్న భ్రమ. మిచెల్ స్టార్క్‌ను 2023 డిసెంబరులో కోల్‌కతా 24.75 కోట్ల రూపాయలకు కొన్నది. 2024 ఫైనల్లో ‘ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్’ అతడే. ఆరు నెలలకు జిద్దాలో జరిగిన వేలంలో ఢిల్లీ అతణ్ణి 11.75 కోట్లకే దక్కించుకున్నది. ఆ కొద్దికాలంలో అతని బౌలింగ్ సగమైపోయిందా? కొనేవారి అవసరమూ, వారి వద్ద మిగిలిన సొమ్మూ మారాయి. ఆ వేలంలో ఒక్కొక్క జట్టు మొత్తం ఖర్చుకు 120 కోట్ల హద్దు ఉన్నది మరి.

మార్పిడి లెక్కా ఇంతే. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుండి ముంబైకి వెళ్లినప్పుడు బదులుగా ఒక్క ఆటగాడూ రాలేదు, సొమ్మే చేతులు మారింది. ఆ సొమ్ముకు వెసులుబాటు కోసం ముంబై 17.5 కోట్ల కామెరాన్ గ్రీన్‌ను బెంగళూరుకు వదులుకున్నది. పైగా ఆటగాడు సమ్మతించనిదే మార్పిడి సాగదు. అమ్ముడయ్యేది మనిషి కాదు, అతని కొన్ని నెలల శ్రమ.

తమకు అక్కరలేని ఆటగాడిపై పాట పెంచి ఎదుటి జట్టు చేత ఎక్కువ ఖర్చు పెట్టించడాన్ని మన అభిమానులు చాణక్యమని మెచ్చుకుంటారు. వేలం పాట ధర్మసమ్మతమేనని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. అయితే కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఫిఖ్ గ్రంథాల్లో దాని పేరు ‘నజష్’. ఈ మాట చెబితే కుర్రాళ్లు నవ్వుతారు, కాని పొలం వేలంలో తమ తండ్రికి అదే జరిగితే నవ్వరు.

హైదరాబాదు ఆటోడ్రైవరు కుమారుడు ముహమ్మద్ సిరాజ్ 2017లో 20 లక్షల కనీస ధరతో మొదలై 2.6 కోట్లు పలికాడు. 2024లో 12.25 కోట్లు. ఆ అంకెలు చూసి కొడుకు చదువు మాన్పించి అకాడమీలో చేర్పించే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులు గుంటూరు షేక్ రషీద్ సంగతి కూడా తెలుసుకోవాలి. 2022లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు అతడు ఉపసారథి. ఆ ఏడాది డిసెంబరులో చెన్నై అతణ్ణి 20 లక్షలకు కొన్నది. తొలి మ్యాచ్ ఆడే అవకాశం 2025 ఏప్రిల్‌లో గాని రాలేదు.