పట్నం దాకా సైకిల్: ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి?



పోయిన నవంబరులో ఒక ఉదయం, ఓ.పి. రద్దీ కాస్త తగ్గాక, ఒక తండ్రి, తల్లి, వారి కుమారుడు నా గదిలోకి వచ్చారు. ముగ్గురిలో రోగి ఎవరో ముఖాలు చూసి చెప్పలేకపోయాను. తండ్రే మొదలుపెట్టాడు.

“సార్, మావోడు సైకిల్ మీద పట్నం పోయి అదే రోజు తిరిగొస్తడంట. ఒక్కడే పోతడంట. మీరో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసిస్తే...”

మాట పూర్తికాకముందే తల్లి అందుకుంది. “సర్టిఫికెట్ వద్దు సార్. పోవద్దని రాసియ్యుండ్రి.”

కుర్రవాడికి ఇరవై రెండేళ్లు. తల వంచుకుని కూర్చున్నాడు. తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి చెప్పాడు. ఇంట్లో వద్దంటే, స్నేహితుడి దగ్గరికి పోతున్నానని చెప్పి తెల్లవారుజామునే వెళ్లిపోదామనుకున్నాడట. నాకు భయం వేసింది అక్కడే. 200 కిలోమీటర్ల గురించి కాదు, ఆ అబద్ధం గురించి.

ఈ 200 అంకె ఎక్కడిది అని కొందరికి అనుమానం రావచ్చు. నల్గొండ గడియారం సెంటర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా దాదాపు 95 కిలోమీటర్లు. పోయి రావడం 190. ఊళ్లో ఇంకో పది తిరిగితే 200 అవుతుంది. దూరప్రయాణాల సైకిలిస్టులు ‘బ్రెవే’ అని పిలిచే యాత్రల్లో మొదటి మెట్టు కూడా ఇదే. 200 కి.మీ.ని పదమూడున్నర గంటల్లో ముగించాలి. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40 గంటలు గడువు. దీని వెనుక పాత చరిత్ర ఉంది. 1897లో ఇటలీలో కొందరు సైకిలిస్టులు రోమ్ నుంచి నేపుల్స్ వరకు సుమారు 230 కి.మీ. పగటి వెలుగు ఉండగానే చేరాలని బయలుదేరారు. వారికి ‘ఆడాక్స్’ అని పేరు వచ్చింది. లాటిన్‌లో సాహసి అని అర్థం. ఆ పేరుతోనే నడిచే బ్రెవేలు మన హైదరాబాద్‌లోనూ కొన్నేళ్లుగా జరుగుతున్నాయి. అవి పందేలు కావు, ఎవరు ముందు వచ్చారన్న లెక్క ఉండదు. ఎవరి సామాను వారే మోసుకోవాలి, ఎవరి పంక్చరు వారే వేసుకోవాలి. కానీ దారిలో నిర్ణయించిన చోట్ల కార్డు మీద సమయం నమోదు చేయించుకోవాలి. అంటే మనిషి ఎంత ఒంటరిగా తొక్కుతున్నా ఎక్కడి దాకా వచ్చాడో ఎవరికో ఒకరికి తెలుస్తూనే ఉంటుంది. మన కుర్రవాడు 200 అంకెను పట్టుకున్నాడు గాని ఈ కార్డు సంగతి వదిలేశాడు.

మా చిన్నతనంలో ఊళ్లలోకి సైకిల్ తొక్కేవాళ్లు వచ్చేవారు, పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. బడి ముందరి ఖాళీ స్థలంలో రాత్రింబవళ్లు రోజుల తరబడి గుండ్రంగా తొక్కుతూనే ఉండేవాడు. తిండి సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే. మైకులో పాటలు. ఊరివాళ్లు చొక్కాకు రూపాయి నోట్లు పిన్నులతో గుచ్చేవారు. అతన్ని అందరం గొప్పవాడనుకున్నాం. నిజమే, ఓపిక గలవాడే. అయితే అతను తూలితే పట్టుకోవడానికి ఊరంతా చుట్టూ నిలబడి ఉండేది. విజయవాడ హైవే మీద రాత్రి ఏడు గంటలకు తూలితే పట్టుకునేదెవరు?

“మేము దేవరకొండకు లైటు లేని సైకిల్ మీద పోయి రాలేదా?” అని సంఘ పెద్దలు కొందరు నాతో అన్నారు. వెళ్లి వచ్చారు, కాదనను. ఆనాడు ఆ రోడ్డు మీద గంటకు ఎన్ని లారీలు పోయేవో కూడా వారే చెప్పాలి.

ఇక లెక్కకు వద్దాం. కుర్రవాడితో కాగితం మీద చేయించిన లెక్కే ఇది. చలికాలంలో మనకు పగలు సుమారు పదకొండు గంటలు. తిండికి, విశ్రాంతికి, పంక్చరుకు రెండు గంటలు తీసేస్తే మిగిలేది తొమ్మిది. మామూలు మనిషి మామూలు సైకిల్ మీద గంటకు 15 కి.మీ. నిలకడగా తొక్కితే 135 కి.మీ. మిగతా 65 చీకట్లోనే తొక్కాలి, అదీ ఒళ్లు పూర్తిగా అలసిపోయాక. పైగా ఆ నెలల్లో మన వైపు గాలి ఎక్కువగా తూర్పు దిక్కు నుంచి వీస్తుంది. పట్నం పోయేటప్పుడు వీపును తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురొస్తుంది. పొద్దున హుషారుగా పోయిన వేగాన్ని చూసుకుని సాయంత్రాన్ని అంచనా వేసేవాడు అక్కడే మోసపోతాడు. పగలు ఎక్కువ ఉంటుంది కదా అని మే నెలలో బయలుదేరితే మన నల్గొండ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. 44, 45 డిగ్రీలలో ఆ ప్రయత్నం చేయడం వడదెబ్బను ఇంటికి పిలవడమే.

శరీరం సంగతి. కిలోమీటరుకు పాతిక కాలరీలు అనుకున్నా 200 కి.మీ.కు 5,000 కాలరీలు ఖర్చవుతాయి. ఇది సుమారు రెండు రోజుల తిండి. రాత్రి ఇంటికొచ్చి తింటానంటే కుదరదు. మొదటి గంట నుంచే గంటకోసారి కొంచెం కొంచెం తినాలి. కొనుక్కునే ఖరీదైన పొడులు అవసరం లేదు. అరటిపండు, పల్లి పట్టీ, డబ్బాలో పెరుగన్నం, దారిలో దొరికితే మన బత్తాయి రసం చాలు. కల్లు మాత్రం వద్దు. చల్లగా ఉంటుంది గాని అటు నీటినీ లాగేస్తుంది, ఇటు తూకాన్నీ తప్పిస్తుంది.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తక్కువ తాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎక్కువ తాగితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. గంటల తరబడి చెమట కారుస్తూ ఉత్త నీళ్లే దాహానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక మాటలు, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. 2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. కనుక దాహం వేసినంతే తాగాలి, తాగేవాటిలో కొంత ఓ.ఆర్.ఎస్. గాని ఉప్పు వేసిన మజ్జిగ గాని ఉండాలి. ఓ.ఆర్.ఎస్. అంటే ప్యాకెట్‌పై రాసినన్ని నీళ్లలో కలిపే పొడి. ఆ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడగా, 2025 అక్టోబరులో అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ప్యాకెట్ దొరకకపోతే లీటరు మంచినీటిలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.

మన జిల్లావారు అడిగే ప్రశ్న ఒకటుంది. దారిలో బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్ కాదా? ఒక్కరోజు తాగితే ఫ్లోరోసిస్ రాదు, అది ఏళ్ల తరబడి తాగిన నీటి వల్ల వచ్చేది. దప్పికతో ఉండేకంటే తాగడమే మేలు. అయితే ఫ్లోరైడ్ గ్రామాల్లో పెరిగి, మెడ, నడుము ముందే బిగుసుకుపోయినవారు గంటల తరబడి వంగి తొక్కే ప్రయత్నానికి ముందు తప్పనిసరిగా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నొప్పులు రాకుండా ముందే ఒక మాత్ర వేసుకుని బయలుదేరే అలవాటు మనలో చాలామందికి ఉంది. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం, కండరాల అలసట, ఈ మూడూ కలిస్తే దెబ్బ తినేది కిడ్నీలు. నొప్పి వస్తే మాత్ర కాదు, సీటు సరిచూసుకోవాలి. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంటే సీటు మరీ కిందికి ఉందేమో చూడాలి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ మీద బరువంతా అరచేతులపై వేస్తున్నట్టు. ఇవి సరిచేసుకోదగినవి. కానీ మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, ఛాతీలో బరువుగా ఉన్నా, ఎక్కడ ఉన్నారో ఒక్క క్షణం అర్థం కాకపోయినా ప్రయాణం అక్కడితో సరి. 108కి ఫోన్ చేయాలి. షుగరుకు మందులు వాడేవారు, నలభై దాటినవారు, ఇంట్లో చిన్న వయసులో అకస్మాత్తుగా చనిపోయినవారు ఉన్నవారు ముందుగా పరీక్ష చేయించుకోకుండా ఇలాంటివి తలపెట్టవద్దు.

కుర్రవాడి బి.పి., గుండె చప్పుడు బాగున్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 11.2. మగపిల్లవాడికి అది తక్కువే. తల్లి మొహంలో కొంచెం ఆశ కనిపించింది, ఇక డాక్టరు వద్దంటాడని. ఐరన్ మాత్రలు రాసి, రెండు నెలల తర్వాత రమ్మన్నాను. సర్టిఫికెట్ అయితే రాయలేదు. నా స్టెతస్కోపుకు గుండె వినపడుతుంది గాని వెనక నుంచి వచ్చే లారీ వినపడదు, ఆ మాటే తండ్రికి చెప్పాను.

నా అభిప్రాయం ఇది. పెద్దవాడైన బిడ్డ ఇలాంటి కోరిక కోరితే వద్దనడం సులభం. వద్దంటే ఎందరో చెప్పకుండా పోతారు. దానికంటే సరే అని, ఒక్క షరతు పెట్టాలి: వెనక్కి తిరిగే సమయం ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగేటప్పుడే నిర్ణయం కావాలి. ఎక్కడ ఉంటే అక్కడి నుంచే తిరగాలి. రోడ్డు మీద, అలసిన బుర్రతో ఆ నిర్ణయం చేయకూడదు. ఎందుకంటే ఆ సమయంలో బుర్ర ఎప్పుడూ “ఇంకో పది కిలోమీటర్లు” అనే అంటుంది.

ఆగిపోవడం చేతకానితనం అనుకునేవారు శ్రీనివాస్ గోకుల్‌నాథ్ సంగతి వినాలి. ఆయన మన సైన్యంలో డాక్టరు. అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే దాదాపు 4,900 కి.మీ. సైకిల్ పందెంలో 2016లో ఒంటరిగా పోటీచేసి మధ్యలో విరమించుకున్నాడు. 2017లో మళ్లీ వెళ్లి పన్నెండు రోజుల గడువు లోపల ముగించాడు. ఒంటరి విభాగంలో దాన్ని ముగించిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ ఏడాదే ముగించిన రెండో భారతీయుడు, నాగపూర్‌కు చెందిన అమిత్ సమర్థ్, ఆయన కూడా డాక్టరే. డాక్టర్లకు ఈ పిచ్చి ఎందుకో నాకూ తెలియదు.

జనవరిలో హిమోగ్లోబిన్ 12.9కి వచ్చింది. పండుగ వారంలో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులు మనకు తెలిసిందే కనుక సంక్రాంతి రద్దీ పూర్తిగా తగ్గేదాకా ఆగమన్నాను. ఆగాడు. తిరిగే సమయం పదకొండున్నర అని తండ్రీకొడుకులు ఒప్పుకున్నారు. చీకటి పడితే ఎక్కడైనా సరే సైకిల్ దిగాలి, రెండు గంటలకోసారి తల్లికి ఫోన్ చేయాలి. జేబులో పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన చీటీ. తలకు హెల్మెట్, వెనుక ఎర్రలైటు, ఒంటి మీద మెరిసే జాకెట్.

ఐదున్నరకు బయలుదేరాడు. చౌటుప్పల్ దాటాక పంక్చరు పడింది, తానే వేసుకున్నాడు. ముప్పావు గంట పోయింది. పదకొండున్నరకు చూస్తే అబ్దుల్లాపూర్‌మెట్ ఇంకా రాలేదు, సుమారు 70 కి.మీ. అయ్యాయి. అక్కడ రోడ్డు పక్కన ఐదు నిమిషాలు నిలబడ్డానని, తల్లికి ఫోన్ చేయబోయి మానేశానని, మళ్లీ చేశానని తర్వాత నాతో చెప్పాడు. వెనక్కి తిప్పాడు. ఎదురుగాలి. నార్కట్‌పల్లి చేరేసరికి పావు తక్కువ ఆరు, పొద్దు గూకుతోంది. ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని ఇంటికొచ్చాడు. మొత్తం 120 కి.మీ.

“పట్నం మొహం చూడకుండానే వచ్చిండు” అని వాడకట్టులో నవ్వారట. తండ్రి కూడా ఏదో తప్పు జరిగినట్టు తల గోక్కుంటూ వచ్చి చెప్పాడు. నేను కుర్చీలోంచి లేచి అతనికి చేయి ఇచ్చాను. గడియారం చూసి, కాళ్లలో ఇంకా బలం ఉండగా సైకిల్ తిప్పిన పిల్లవాడు ఎంతమందికి ఉంటాడు?

డిసెంబరులో మళ్లీ పోతాడట. ఈసారి తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరుతానంటున్నాడు. తల్లి ఇంకా ఒప్పుకోలేదు. ముందు లైటు మంచిది కొనుక్కోమన్నాను, నవంబరులో హిమోగ్లోబిన్ మరోసారి చూపించుకోమన్నాను.