కట్టలో లేని రెండు కార్డులు

జగ్గయ్యపేటలో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఒక పాత డబ్ల్యూడబ్ల్యూఈ కార్డుల కట్ట ఉంది. 2007లో పెనుగంచిప్రోలు తిరునాళ్లలో మా అన్నయ్య (పెద్దమ్మ కొడుకు) కొనుక్కున్నది. నేను ఊహ తెలిసి ఆటకి పనికొచ్చే వయసు రాగానే నాకిచ్చేశాడు. హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్ అని పందెం కాసి ఆడేవాళ్లం, మీలో చాలామంది ఆడే ఉంటారు. ఆ కట్టలో ఇప్పుడు రెండు కార్డులు లేవు. ఒకటి అన్నయ్య తీసేశాడు. ఇంకోటి నేను తీసేశాను.

ఒకప్పుడు ప్రాణంగా ఇష్టపడ్డ రెజ్లర్ తర్వాత ఎందుకు నచ్చకుండా పోతాడు? ఆ రెండు కార్డుల వల్లే నేను దీని గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

"అదంతా ఉత్తిదే కదరా, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు" అనే ఫ్రెండ్స్‌కి ముందే ఒక మాట. తెలుసు. మాకూ ఐదో క్లాసులోనే తెలిసింది. సినిమాలో ఫైటు కూడా ముందే అనుకుని చేసేదే, అయినా టికెట్ కొని విజిల్ వేస్తాం. గెలుపోటములు ముందే రాసుకున్నా, పడటం మాత్రం నిజంగానే పడాలి. నడుముకి స్క్రిప్టు తెలియదు కదా.

ఇష్టం పోవడంలో నాకు తెలిసి నాలుగు రకాలున్నాయి. మనం అన్నిటినీ కలిపేసి "వాడు నచ్చడు" అనేస్తాం. గొడవంతా అక్కడే.

మొదటిది, వాళ్లే మనల్ని తిట్టుకోమని అడిగేది. రెజ్లింగ్‌లో మంచివాడిని ఫేస్ అంటారు, విలన్‌ని హీల్ అంటారు. హీల్ పనే తిట్లు తినడం. మా అమ్మమ్మ ఇప్పటికీ టీవీలో రాజనాల కనిపిస్తే "వీడి మొహం మండ" అంటుంది. అది రాజనాలకి అవార్డు కింద లెక్క. జాన్ సీనా ఇరవై ఏళ్లు మంచివాడిగా ఉండి, 2025 మార్చి 1న టొరంటోలో కోడీ రోడ్స్‌ని కొట్టి విలన్ అయ్యాడు. రిటైరయ్యే ఏడాదిలో ఇదేంటని మా హాస్టల్లో ఒక రాత్రంతా చర్చ. నిజం చెప్పాలంటే ఎవరికీ అతని మీద కోపం రాలేదు, తిట్టమన్నా తిట్టలేకపోయాం. ఈ రకం అయిష్టం ఆటలో భాగం, దాని గురించి బాధపడాల్సింది లేదు.

రెండోది, కథ నచ్చక మనిషిని తిట్టడం. 2014 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియా 30లో బ్రాక్ లెస్నర్ అండర్‌టేకర్‌ని ఓడించాడు. రెజిల్‌మేనియాలో అంతకుముందు అండర్‌టేకర్ 21 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు కూడా లేవు. ఆ రోజు అన్నం తినలేదని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. లెస్నర్ అంటే అంతకుముందు భలే ఇష్టం, ఆ రోజు నుంచి అసహ్యం. కానీ లెస్నర్ చేసిన తప్పేంటి? గెలవమన్నారు, గెలిచాడు.

రోమన్ రెయిన్స్‌ది ఇంకా విచిత్రం. 2015 జనవరిలో ఫిలడెల్ఫియాలో రాయల్ రంబుల్ గెలిస్తే హాలంతా బూ అని అరిచింది. రాక్ వచ్చి చెయ్యి పైకెత్తినా ఆగలేదు. నేనూ ఆ గుంపులో వాడినే, "వాడిని బలవంతంగా మన మీద రుద్దుతున్నారు" అని తిట్టేవాడిని. 2018 అక్టోబర్ 22న అతను రింగ్‌లో నిలబడి తనకి లుకేమియా మళ్లీ వచ్చిందని చెప్పాడు. మూడేళ్లు తిట్టిన జనమే చప్పట్లు కొట్టారు. తర్వాత కోలుకుని వచ్చి, 2020లో విలన్‌గా మారి, 1316 రోజులు చాంపియన్‌గా ఉన్నాడు. అప్పుడు అందరం ఫ్యాన్స్ అయిపోయాం. మనిషి అతనే, మారింది రాసిన పాత్ర.

మూడోది నిజమైనది. అన్నయ్య తీసేసిన కార్డు క్రిస్ బెన్వాది. ఆటలో ఎంత పట్టు ఉందో చూసి అన్నయ్య అతన్ని చాలా ఇష్టపడ్డాడట. 2007 జూన్‌లో బెన్వా భార్యనీ, ఏడేళ్ల కొడుకునీ చంపి తనూ చనిపోయాడు. తలకి తగిలిన దెబ్బల వల్ల అతని మెదడు బాగా దెబ్బతిందని తర్వాత పరీక్షించిన డాక్టర్లు చెప్పారు. అది విని జాలిపడొచ్చు గానీ, ఆ పిల్లాడి వయసు తెలిశాక కార్డు చేతిలో పట్టుకుని "బైసెప్స్ ఎంత?" అని అడగలేం కదా. విషయం తెలిసిన రోజే అన్నయ్య ఎవరికీ చెప్పకుండా ఆ కార్డు తీసేశాడు. నాకు ఊహ తెలిశాక అడిగితే "అది ఆటకి పనికిరాదురా" అన్నాడు, అంతే. "మనిషి వేరు, ఆట వేరు" అని వాదించే వాళ్లున్నారు. నేను అన్నయ్య వైపే.

నాలుగోది నాది. నేను తీసేసిన కార్డు గ్రేట్ ఖలీది.

ఖలీ అంటే మా వీధిలో ఏంటో చెప్పాలి. అసలు పేరు దలీప్ సింగ్ రాణా. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక చిన్న ఊరు, పేదరికం, కూలి పనులు, ఆ తర్వాత పంజాబ్ పోలీస్‌లో ఉద్యోగం. నేను పుట్టిన 2006లోనే మే 21న అండర్‌టేకర్‌ని ఓడించాడు. 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. "మనోడు" అనే మాట హిమాచల్ దాకా సాగుతుందని జగ్గయ్యపేట పిల్లలకి అప్పుడే తెలిసిందని అన్నయ్య అంటాడు. చెయ్యి పైకెత్తి నడినెత్తి మీద ఒక్కటి వేసే ఖలీ దెబ్బ మా వీధిలో నాకూ చాలాసార్లు తగిలింది. కార్డుల్లో హైట్ అంటే ఖలీ, ఇంక మాట్లాడేదేం లేదు. ఆ కార్డు వచ్చినవాడు నవ్వు ఆపుకోలేక దొరికిపోయేవాడు.

ఆరో క్లాసుకి నన్ను నందిగామలో ఇంగ్లీష్ మీడియం స్కూల్లో వేశారు. అంతకుముందు చదివిందీ పేరుకి ఇంగ్లీష్ మీడియమే, కానీ క్లాసులో అందరం తెలుగే మాట్లాడేవాళ్లం. ఇక్కడ అలా కుదరదు. నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. సరిగ్గా ఆ 2017 జులైలోనే ఖలీ మళ్లీ టీవీలో కనిపించాడు, జిందర్ మహల్‌కి సాయంగా. మర్నాడు క్లాసులో ఒకడు ఖలీ నడక, ఖలీ ఇంగ్లీషు అనుకరించాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను అంతకంటే బాగా చేశాను. ఆ రోజు నుంచి నా ఇంగ్లీషు మీద నవ్వడం తగ్గింది, నేను చేసే ఖలీ మీద నవ్వడం మొదలైంది. ఇంటికెళ్లి కట్టలోంచి ఆ కార్డు తీసి పాత జామెట్రీ బాక్సులో పడేశాను. ఎవరైనా అడిగితే "వాడికి రెజ్లింగే రాదు" అనేవాడిని.

అది అబద్ధం కాదు. ఖలీ మంచి రెజ్లర్ కాదు, మ్యాచ్‌లు నిజంగానే బాగుండేవి కావు. అంతకంటే పెద్ద కారణం కావాలన్నా ఉంది. 2001లో అమెరికాలో ట్రైనింగ్‌లో ఉండగా ఖలీ ఎత్తి వేసినప్పుడు తోటి ట్రైనీ ఒకతను చనిపోయాడు. ట్రైనింగ్ ఇచ్చిన స్కూలుదే బాధ్యత అని కోర్టులో తేలింది. కానీ ఇవేవీ నాకప్పుడు తెలియవు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆ నడక గురించీ తెలుసుకోలేదు. పిట్యూటరీ గ్రంథి మీద గడ్డ వల్ల అతను అంత ఎత్తు పెరిగాడు, 2012లో అమెరికాలో దానికి ఆపరేషన్ జరిగింది. మేం నవ్వింది ఒక జబ్బుని చూసి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు అన్నయ్య బండి మీద నన్ను తీసుకెళ్లడానికి స్కూలుకి వచ్చాడు. అన్నయ్య చదివింది తెలుగు మీడియం. గేటు దగ్గర సారుతో "సార్, హీ మై బ్రదర్, ఐ టేక్ హోమ్" అన్నాడు. మర్నాడు క్లాసులో ఒకడు "నిన్న మీ ఖలీ వచ్చాడుగా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ సంగతి ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా ఆడారు. నేను ఇంటర్ సెకండియర్, సెలవు దొరకలేదు. అన్నయ్య ఒక్కడే వెళ్లి వీడియో కాల్ చేశాడు. ఆ అరుపుల్లో ఏమీ వినపడలేదు. రాత్రి బయటికొచ్చాక మళ్లీ చేసి కాసేపు మాట్లాడి, ఉన్నట్టుండి అడిగాడు: "అప్పట్లో ఖలీని ఎందుకు వదిలేశావురా? వాడేం చేశాడు నీకు?" ఏదో చెప్పి తప్పించుకున్నాను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇష్టం పోవడం తప్పు కాదు. కానీ పోయినప్పుడు ఒక్కసారి కారణం వెతుక్కోవాలి. పాత్ర నచ్చలేదా, కథ నచ్చలేదా, మనిషి చేసిన పని నచ్చలేదా, లేక పక్కవాళ్లు నవ్వుతున్నారని మనమూ నవ్వామా? మన హాస్టల్లో హీరోల మీద, క్రికెటర్ల మీద రోజూ జరిగే గొడవల్లో సగం నాలుగో రకమే అని నా అనుమానం. పక్క రూమువాడు నవ్వుతాడని దాచేసిన ఇష్టాలు ఎవరికి వాళ్లకి తెలుసు.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు జామెట్రీ బాక్సు వెతికాను. కార్డు ఉంది, ఒక మూల మడత పడింది. తీసుకెళ్లి కట్టలో పెడితే అన్నయ్య మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు. అందుకే ముందు ఈ వ్యాసం లింకు పంపిస్తున్నాను. తెలుగులోనే రాశాను కాబట్టి మొత్తం చదువుతాడు.